జవాబు బటన్ తీసేస్తే

అనంతపురంలో మా వీధికంతా ఒకటే బోరు. పోయిన వేసవిలో వాట్సాప్ గ్రూపులో ఒకాయన "మోటారు పొద్దున 5కే వేయాల" అని పెట్టాడు. నాలుగు బొటనవేళ్లు టకటకా లేచాయి. ఎదురింటాయన "ఏమన్నా, నైట్ డ్యూటీ చేసొచ్చినోళ్లు పండుకోవద్దా?" అన్నాడు. ఇక రెండు రోజులు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పైకి జరిపి చూస్తే, గ్రూపులో అరవై మంది ఉన్నా రాసింది ఐదుగురే.

ఆ మొదటి బొటనవేళ్లను తక్కువగా చూడకూడదు. 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఒక సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యలు తీసుకుని, చీటీ తీసినట్టు ఎంచిన కొన్నింటికి పరిశోధకులే ముందుగా ఒక ప్లస్ ఓటు, ఇంకొన్నింటికి ఒక మైనస్ ఓటు వేశారు. ఆ ఒక్క దొంగ ప్లస్‌కే చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. దొంగ మైనస్‌ను మాత్రం తర్వాత వచ్చినవాళ్లు సరిచేశారు. అందుకే, మన ఓటు పడేదాకా పక్కవాళ్ల లెక్క కనబడకపోవడం మేలు.

జనం అభిప్రాయాలు సేకరించే పోలిస్ (Polis) అనే సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు వేసి, జవాబు బటన్‌నే పీకేసింది. తెరమీద ఒక్కో వాక్యం వస్తుంది. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, వదిలేస్తాను, అంతే. వాదించాలంటే సొంత వాక్యం రాసి అందరి ముందూ పెట్టాలి. వెనకాల మనిషికో వరస, వాక్యానికో గడి ఉన్న పట్టిక తయారవుతుంది. ఒకేలా ఓటేసినవాళ్లు పటంలో ఒకచోట గుంపుగా కనిపిస్తారు. అసలు వేట, ఎదురెదురు గుంపులు రెండూ ఒప్పుకున్న వాక్యాల కోసం. 2015లో తైవాన్‌లో ఉబర్ గొడవను ఇలాగే చర్చకు పెట్టారు. ఉబర్ కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు విడిపోయారు గానీ, ప్రయాణికుడికి బీమా ఉండాలన్న దగ్గర కలిశారు.

మేమూ ఒక ఫారం తయారుచేసి, పేర్లు లేకుండా వాక్యాలు పెట్టాం. టైము మీద వీధి రెండుగా చీలింది. "ఏ టైమైనా సరే, ముందురోజే చెప్పాల" అన్నదానికి మాత్రం దాదాపు అందరూ సై అన్నారు. ఇది గ్రూపులో ఒక్కరూ అనని మాట.

తీరా చూస్తే, బిందెలు మోసేవాళ్లలో చాలామంది గ్రూపులోనే లేరు. ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మూలింటి అవ్వ అన్నీ చదివించుకుని, "అదంతా సరే నాయనా, చీకట్లో నీళ్లు పట్టుకోను కొళాయి కాడ లైటు యాడుంది?" అంది.

అదే పన్నెండో వాక్యంగా ఎక్కించాం.