పాలకూరలో ఫోలేటు, మాత్రలో ఫోలిక్ యాసిడ్

1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర తెప్పించారు. కొన్ని రకాల బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన పదార్థమేదో ఆకుల్లో ఉందని వాళ్లకు తెలిసింది. దాన్ని విడదీయాలి. అంత కూరనూ రుబ్బి, వడగట్టి, శుద్ధి మీద శుద్ధి చేస్తే చివరికి మిగిలింది చాలా కొంచెం. దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు అదే పేరుతో ఉన్న చిన్న పసుపు మాత్ర ఏ మందుల షాపులో అయినా దొరుకుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఉచితం. వాట్సాప్‌లో మాత్రం దాని మీద పెద్ద గొడవే నడుస్తోంది. "ఫోలిక్ యాసిడ్ కృత్రిమం, ఒంటికి పట్టదు, ఆకుకూరల్లో ఉండే ఫోలేటే అసలైనది" అని ఒకరు పంపిస్తారు. దాని కిందే సహజ ఫోలేట్ అని రాసున్న ఖరీదైన సీసా ప్రకటన. రెండూ ఒకే విటమిన్ (బి9) తాలూకు వేర్వేరు పదార్థాలన్న మాట నిజమే. ఒంటికి పట్టదన్న మాట మాత్రం తలకిందులు.

ఈ కథ నిజానికి పాలకూర కంటే ముందు బొంబాయిలో మొదలైంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక తీవ్రమైన రక్తహీనతను గమనించారు. ఎర్ర రక్తకణాలు మామూలు కంటే పెద్దవిగా, పూర్తిగా ఎదగకుండా ఉండేవి. రక్తహీనతకు ఆ రోజుల్లో వాడే శుద్ధిచేసిన కాలేయ సారం పనిచేయలేదు. బ్రెడ్డు మీద రాసుకునే చౌకైన ఈస్ట్ సారం, మార్మైట్, పనిచేసింది. అందులో ఉన్నది ఫోలేటేనని తెలియక చాలాకాలం దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగం ఆయన చేతిలో ఉండేది. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో సంగ్రహణితో, అంటే తిన్నది ఒంటబట్టక విరేచనాలతో క్షీణించే జబ్బుతో, చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించింది. దాన్ని సంగ్రహణి రోగులకు ఇచ్చి చూస్తే కోలుకున్నారు. అంటే "ల్యాబులో చేసిన విదేశీ రసాయనం" అని మనవాళ్లు ముఖం చిట్లించే ఆ మాత్ర వెనక ఉన్నది పశ్చిమ గోదావరి బుర్ర.

ఇక రసాయనం సంగతి. ఆకుల్లో, పప్పుల్లో, కాలేయంలో ఉండే ఫోలేట్‌కు గ్లూటమేట్ అనే అణువుల తోక ఉంటుంది. ఇంజను వెనక బోగీల్లా ఒకదాని వెనక ఒకటి అయిదారు గ్లూటమేట్లు తగులుకుని ఉంటాయి. అంత పొడుగు తోకతో అది పేగు గోడ దాటలేదు. పేగులోని ఎంజైము ఒక్కటి మాత్రం మిగిల్చి తక్కినవన్నీ తెంపాలి. ఈ పని అందరిలో ఒకేలా జరగదు. తిన్నదాన్ని బట్టి, పేగు ఆరోగ్యాన్ని బట్టి మారుతుంది. పైగా సహజ ఫోలేట్ సుకుమారం. వేడికి, వెలుతురుకి, గాలికి పాడవుతుంది, నీళ్లలో కరిగిపోతుంది.

మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌కు ఉన్నది ఒకే గ్లూటమేట్. తెంపే పని లేదు. వేడికి త్వరగా చెడదు, డబ్బాలో నెలల తరబడి నిలుస్తుంది. లోపలికి వెళ్లాక కాలేయంలో ఒక ఎంజైము దాన్ని శరీరం వాడుకునే రూపానికి మారుస్తుంది. ఆ మార్పు జరిగాక అది ఆకు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్న తేడా కణానికి తెలియదు. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, డీఎన్ఏకు ఫోలేట్ కావాలి. అందుకే ఎప్పుడూ కొత్త కణాలు పుట్టే ఎముక మజ్జలోనూ, కడుపులో పెరిగే బిడ్డలోనూ దీని కొరత ముందు బయటపడుతుంది.

పోషకాహార నిపుణులు లెక్క కట్టేటప్పుడు ఆహారంలోని 1 మైక్రోగ్రాము ఫోలేట్‌కు, అన్నంతో పాటు వేసుకున్న ఫోలిక్ యాసిడ్ 0.6 మైక్రోగ్రాము సమానమని తీసుకుంటారు. పరగడుపున అయితే 0.5 చాలు. ఒంటికి బాగా పట్టేది కృత్రిమమే అన్నమాట.

అలాగని మాత్ర ఉంది కదా, ఆకుకూర ఎందుకు అనేవాళ్ల పక్షం నేను కాదు. వంటింటి లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లయిన స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాములు కావాలి, పురుషుడికి 300, గర్భిణికి 570. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం 100 గ్రాముల్లో పది మైక్రోగ్రాములు కూడా ఉండవు. రోజంతా కలిపి 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా ముప్పైకి చేరదు. కందిపప్పు 40 గ్రాములు వేసుకుంటే ఇంకో నలభై. అన్నం, చారు, ఆవకాయ, కాస్త పప్పుతో సరిపెట్టే ఇంట్లో లెక్క డెబ్బై దగ్గరే ఆగిపోతుంది. దీనికి ఒక గుప్పెడు శనగల గుగ్గిళ్లు కలిపితే దాదాపు వంద పెరుగుతుంది. అలసందలూ అంతే. పచ్చి పాలకూర 100 గ్రాముల్లో 140 పైనే ఉంటుంది కానీ, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అందులో సగం సింకు పాలు. పప్పులో వేసి నీళ్లు ఇంకేదాకా ఉడికించే పాలకూర పప్పు ఈ విషయంలో తెలివైన వంట. కరిగిన ఫోలేట్ గిన్నెలోనే ఉంటుంది. గింజలు మొలకెత్తితే ఫోలేట్ పెరుగుతుంది. పిండి పులిసేటప్పుడు ఈస్ట్, కొన్ని బ్యాక్టీరియా కూడా ఫోలేట్ తయారుచేస్తాయి. మాత్ర ఇవ్వలేని పీచు, ఐరన్, మాంసకృత్తులు ఈ తిండితో పాటే వస్తాయి.

అయితే ఒక్క సందర్భంలో తిండి మీదే భారం వేయడానికి వీల్లేదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుపోతుంది. నెల తప్పిందని అనుమానం వచ్చేసరికే అందులో సగం రోజులు అయిపోతాయి. పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గర చీటీ తీసుకునేసరికి మిగతా సగం. మన ఇళ్లలో మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆనవాయితీ ఒకటి. మూడో నెలలో మొదలుపెట్టిన ఫోలిక్ యాసిడ్ రక్తానికి పనికొస్తుంది, ఆ నాళానికి మాత్రం ఆలస్యమైపోయినట్టే. నాళం సరిగా మూసుకోకపోతే వెన్ను దగ్గర తెరుచుకుని ఉండే స్పైనా బైఫిడా, మెదడు, పుర్రె పై భాగం ఏర్పడని అనెన్‌కెఫలీ వస్తాయి. రెండోదాంతో పుట్టిన బిడ్డ బతకదు.

దీన్ని మాత్రతో ఆపొచ్చని తేల్చిన పరీక్ష 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రచురించింది. ఏడు దేశాల్లో, అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న స్త్రీలకు గర్భం రాకముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీ పరిశోధకులు, అలాంటి చరిత్ర లేని స్త్రీలలో కూడా ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్ మాత్రలు మొదటిసారి లోపం రాకుండా ఆపుతాయని చూపించారు. గర్భం అనుకుంటున్న ప్రతి స్త్రీకీ రోజుకు 400 మైక్రోగ్రాములు చాలన్న సలహా ఆ తర్వాత స్థిరపడింది. కనీసం నెల ముందు నుంచి, మూడో నెల నిండేదాకా. పెళ్లయిన అమ్మాయికి సారెలో పెట్టాల్సిన వస్తువుల్లో ఇదొకటి అంటాను, నవ్వినా సరే.

ఇప్పుడు ఆ ఖరీదైన సీసా దగ్గరికి వద్దాం. అందులో ఉండేది మిథైల్‌ఫోలేట్. రక్తంలో తిరిగే రూపం అదే కాబట్టి పదార్థంగా దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. రక్తంలో ఫోలేట్‌ను బాగానే పెంచుతుంది. కానీ దాన్ని సహజం అనడం లేబుల్ తెలివి. అదీ ఫ్యాక్టరీలో చేసిందే, పాలకూర పిండితే వచ్చింది కాదు. పుట్టుకలో లోపాలను ఆపుతుందని మనుషుల మీద పరీక్షల్లో రుజువైనది ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. "మీకు ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంది, ఫోలిక్ యాసిడ్ మీకు విషం" అని భయపెట్టే ప్రకటనలూ వస్తున్నాయి. ఫోలేట్‌ను మిథైల్‌ఫోలేట్‌గా మార్చే ఎంజైము తాలూకు జన్యువు అది. ఆ మార్పు లోకంలో చాలామందిలో ఉండేదే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ మారినవే వచ్చినవాళ్లలో, ఒకే మోతాదు తీసుకున్నా, రక్తంలో ఫోలేట్ సుమారు 16 శాతం తక్కువ ఉంటుంది. అంతే. వాళ్లకూ ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది.

భయపడాల్సిన చోటు వేరే ఉంది, దాని గురించి ఆ ప్రకటనలు నోరెత్తవు. అది బి12. ఫోలేటూ బి12 చెట్టపట్టాలేసుకుని పనిచేసే విటమిన్లు. బి12 తగ్గితే రెండు నష్టాలు: రక్తం పలచబడుతుంది, నరాలు దెబ్బతింటాయి. అప్పుడు ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా వేసుకుంటే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం లోలోపల పాడవుతూనే ఉంటాయి. 1940లలో ఫోలిక్ యాసిడ్ కొత్తగా వచ్చినప్పుడు డాక్టర్లు దీన్ని కళ్లారా చూశారు. రిపోర్టు బాగుంది, కాళ్ల తిమ్మిరి పెరుగుతోంది. బి12 మొక్కల్లో ఉండదు. మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది. తరాలుగా శాకాహారం తినే ఇళ్లలో, పాలూ పెరుగూ పలచనైపోయిన పేద ఇళ్లలో దీని కొరత ఎక్కువ. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భంతో ఉన్నప్పుడు ఫోలేట్ ఎక్కువా బి12 తక్కువా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకే ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం ఎక్కువగా కనిపించింది.

అందుకే మోతాదు పట్టించుకోవాలి. షాపుకు వెళ్లి "ఫోలిక్ యాసిడ్ ఇవ్వండి" అంటే మన దగ్గర చాలాసార్లు చేతిలో పెట్టేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అంటే 5,000 మైక్రోగ్రాములు. కావలసిన 400కు పన్నెండున్నర రెట్లు. పెద్దవాళ్లు సొంతంగా రోజూ 1,000 దాటవద్దని అమెరికా నిపుణుల హద్దు. 5 మిల్లీగ్రాములు అవసరమైనవాళ్లు ఉన్నారు: ముందు కాన్పులో లోపం వచ్చినవాళ్లు, కొన్ని రకాల మూర్ఛ మందులు వాడేవాళ్లు. అది డాక్టరు రాయాల్సిన మోతాదు. స్కూల్లో పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో, గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది 500 మైక్రోగ్రాములే.

రేషన్ బియ్యం మాట కూడా చెప్పుకోవాలి. కిలో బియ్యంలో 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, దాంతో ఐరన్, బి12 ఉండేలా, నూటికి ఒకటి చొప్పున బలవర్ధక గింజలు కలిపారు. కడిగేటప్పుడు అవి నీళ్ల మీద తేలడంతో "ప్లాస్టిక్ బియ్యం" అని ఊళ్లకు ఊళ్లే ఏరి పారేశాయి. అవి బియ్యప్పిండితో చేసిన గింజలే. తేలితే చెడ్డవని కాదు. గంజి వార్చకుండా వండుకుంటే లోపల వేసింది లోపలే ఉంటుంది. మూడొందల గ్రాముల బియ్యంతో వచ్చేది ముప్పై మైక్రోగ్రాముల దగ్గరే కాబట్టి గర్భం అనుకుంటున్న అమ్మాయికి అది మాత్రకు బదులు కాదు. అయినా చెప్పాపెట్టకుండా వచ్చే గర్భాలకు అంతో ఇంతో ఆసరా. అమెరికా 1998 నుంచి 100 గ్రాముల పిండిలో 140 మైక్రోగ్రాములు కలపడాన్ని తప్పనిసరి చేసింది ఇందుకే. ఆ తర్వాత అక్కడ ఈ లోపాలు తగ్గాయి.

ఒకే ఇంట్లో నాలుగు రకాల లెక్కలు. కోడలికి గర్భానికి ముందు నుంచే 400 మైక్రోగ్రాముల మాత్ర. కొడుక్కి, మనవడికి పప్పూ ఆకుకూరా గుగ్గిళ్లూ చాలు. శాకాహారి మామగారికి కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ముందు బి12 పరీక్ష చేయించాలి, ఫోలిక్ యాసిడ్ ఆ తర్వాత. అత్తగారికి కీళ్లవాతం ఉండి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంటే లెక్కే వేరు. ఆ మందు కూడా సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిందే, పనిచేసేది ఫోలేట్‌ను అడ్డుకునే. అందుకే డాక్టరు వేరే రోజున 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. "సింథటిక్ కదా" అని ఆవిడ ఆ మాత్ర మానేస్తే నోటిపూత, వికారం పెరగవచ్చు, కాలేయానికీ ఇబ్బంది. గిన్నెడు పాలకూర పప్పు ఆ పని చేయలేదు.