మీటరులో 12 వోల్టులు, రోడ్డు మీద మసక వెలుగు

పీలేరు నుంచి తిరుపతికి రాత్రిపూట వచ్చేవాళ్లకు భాకరాపేట ఘాట్ సంగతి చెప్పక్కర్లేదు. మలుపు తిరిగేదాకా అవతల ఏముందో తెలీదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. దారిలో బండరాయి పడి ఉన్నా, తోతాపురి కాయల లోడుతో ట్రాక్టరు ఆగిపోయి ఉన్నా మనకు చూపించాల్సింది హెడ్‌లైట్లే. అలాంటి రోడ్డు మీద ఒక పక్క లైటు మసకేస్తే చాలామంది ముందుగా చేసేది కొత్త బల్బు కొనడం. దాంతోనూ వెలుగు పెరగకపోతే ఇంకా ఎక్కువ వాట్ల బల్బు వేయిస్తారు. ఈ రెండో పనితోనే అసలు నష్టం మొదలవుతుంది.

ఎందుకంటే బల్బు పోతే సాధారణంగా పూర్తిగా పోతుంది. మసకగా వెలిగే బల్బు చెప్పేది వేరే సంగతి: తనదాకా రావాల్సిన వోల్టేజీ దారిలో ఎక్కడో పడిపోతోందని. ఎక్కడ పడిపోతోందో ఇంట్లోనే, కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరుతో కనిపెట్టవచ్చు. కాకపోతే కొలిచే పద్ధతి తెలియాలి.

పాత కార్లలో ఎక్కువగా కనబడేది హెచ్4 హాలోజన్ బల్బు. ఇది 1971లో వచ్చింది. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, డిమ్ముకు 55 వాట్లు, బ్రైటుకు 60. వెనక మూడు పిన్నులు: ఒకటి డిమ్ముకు, ఒకటి బ్రైటుకు, మూడోది రెండింటికీ ఉమ్మడి. చాలా కార్లలో ఈ ఉమ్మడి పిన్నే ఎర్తు, అంటే కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి పోయే దారి. బల్బును బయటికి తీసినప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోకండి. చర్మం మీది నూనె అంటితే బల్బు వేడెక్కినప్పుడు ఆ చోట గాజు దెబ్బతింటుంది. లోపల తెల్లటి పొడి కమ్మి ఉంటే గాలి దూరిందని అర్థం, ఫిలమెంటులోని టంగ్‌స్టన్ కాలి ఆక్సైడు అయింది. అలాంటి బల్బును ఇక పారేయాల్సిందే.

ఫిలమెంటు తెగలేదని నిర్ధారించుకోవడానికి మీటరును ఓముల మీద పెట్టి చూస్తే అర ఓము కూడా చూపించదు. షార్టు అయిందేమోనని భయపడతారు కొందరు. లెక్క ప్రకారం 12 వోల్టుల మీద 55 వాట్లంటే 2.6 ఓములు రావాలి కదా. నిజమే, కానీ అది వెలుగుతున్నప్పటి లెక్క. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ నిరోధం వేడెక్కిన దానిలో పదో వంతు మాత్రమే. స్విచ్ వేసిన క్షణంలో బల్బులోకి ఎక్కువ కరెంటు దూకేదీ, పాత బల్బులు తరచుగా స్విచ్ వేయగానే మాడిపోయేదీ ఇందుకే.

బల్బు బాగుంది, ఫ్యూజు బాగుంది, అయినా మసకే అనుకుందాం. మామూలుగా అందరూ చేసేదేమిటంటే హోల్డరును బల్బు నుంచి ఊడదీసి, రెండు పిన్నుల మధ్య మీటరు పెట్టి చూడటం. 12.4 వోల్టులు కనిపిస్తాయి. "కరెంటు బాగానే వస్తోంది" అని తేల్చేస్తారు. ఈ కొలత మోసం చేస్తుంది. మీటరు లోపలి నిరోధం మిలియన్ల ఓముల్లో ఉంటుంది కాబట్టి అది దాదాపు కరెంటు తీసుకోదు. కరెంటు నడవనప్పుడు వైరులో ఎంత చిలుము పట్టిన జాయింటు ఉన్నా దాని దగ్గర వోల్టేజీ పడదు. ఓమ్ సూత్రం చెప్పేది అదే: పడే వోల్టేజీ అంటే కరెంటును నిరోధంతో గుణించిన మొత్తం. కరెంటు సున్నా అయితే మొత్తమూ సున్నాయే. టూత్‌పేస్టు ట్యూబు మూతి ముక్కాలు వంతు పూడుకుపోయినా నొక్కనంతసేపూ లోపల అంతా బాగానే ఉన్నట్టుంటుంది, నొక్కితేనే తేలుతుంది.

అందుకే ఆటో ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ రెండు వైర్లు తగిలించిన ఇండికేటరు బల్బుతో టెస్టు చేస్తారు. ఇది పాతకాలం పద్ధతి అని తీసిపారేయకూడదు. 21 వాట్ల ఆ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి బాగా చెడిపోయిన జాయింటును ఇట్టే పట్టిస్తుంది. కొంచెం చెడిన జాయింటును మాత్రం పట్టలేదు. అక్కడే మీటరు పనికొస్తుంది, కానీ హెడ్‌లైటు వెలుగుతుండగానే కొలవాలి.

కారును ఆరుబయట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆన్ చేసి, లైట్లు వేయండి. రేడియేటరు ఫ్యాను దానంతటదే తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి. మీటరును 20 డీసీ వోల్టుల మీద పెట్టి ముందు బ్యాటరీ దగ్గర కొలవండి. ఆల్టర్నేటరు (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది) బాగుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది. తర్వాత హోల్డరును బల్బుకు తగిలించే ఉంచి, దాని వెనక వైపు నుంచి సన్నటి పిన్నులను లోహానికి ఆనించి డిమ్ము పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య కొలవండి. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. మీటరు వైర్ల కొనల్లో (ప్రోబుల్లో) ఒకదాన్ని బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోదాన్ని బల్బు ఎర్తు పిన్ను మీద పెట్టండి. ఎర్తు శుభ్రంగా ఉంటే ఇక్కడ 0.1 వోల్టు, మహా అయితే 0.2 రావాలి. అలాగే బ్యాటరీ పాజిటివ్‌కూ బల్బు డిమ్ము పిన్నుకూ మధ్య అర వోల్టు దాటకూడదు.

పక్కింటి పాత కారులో ఎడమ లైటు అచ్చం ఇలాగే మసకేసింది. బ్యాటరీ దగ్గర 13.9. బల్బు దగ్గర 11.6. పాజిటివ్ వైపు 0.4 పడుతోంది, ఎర్తు వైపు ఏకంగా 1.9. మూడూ కూడితే సరిగ్గా 13.9. ఎప్పుడు కొలిచినా ఇలా మొత్తం సరిపోవాలి. సరిపోలేదంటే కొలతలో ఏదో తప్పు ఉంది. ఎర్తు వైరు పట్టుకుని పోతే బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన బోల్టు కనబడింది. దాని కింద రాగి లగ్గు (వైరు చివరి రింగు) మీద పచ్చటి చిలుము, పెయింటు పైకి లేచి లోపల ఎర్రటి తుప్పు. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు మునిగినప్పుడు ఈ కారూ నీళ్లలో నిలబడింది. పైన అంతా తుడిచి ఆరబెట్టారు గానీ ఈ బోల్టు కిందికి ఎవరూ చూడలేదు.

2 వోల్టులు పోతే ఏమవుతుందని అనుకోవద్దు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, సుమారు 3.4వ ఘాతం చొప్పున తగ్గుతుంది. 13.4 అందాల్సిన చోట 11.6 అందితే ఐదింట దాదాపు రెండు వంతుల వెలుగు పోయినట్టే. పోయిన వోల్టేజీ ఊరికే ఉండదు. నాలుగున్నర ఆంపియర్ల కరెంటుతో ఆ బోల్టు దగ్గరే 8 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఆ వేడి జాయింటును ఇంకా చెడగొడుతుంది.

ఇక్కడ 100/90 వాట్ల బల్బు వేస్తే? కరెంటు ఎక్కువవుతుంది. జాయింటు దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి హోల్డరు ప్లాస్టిక్ కరిగి, పిన్నులు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మడం వేరే సంగతి. బల్బు మాడకుండా హోల్డరు మాడిన కారు ఎక్కడ కనబడినా ముందు బల్బు వాట్లు చూడండి.

ఎర్తు పూర్తిగా తెగితే లక్షణాలు వింతగా ఉంటాయి. డిమ్ము వేస్తే బ్రైటు ఫిలమెంటు కూడా ఎర్రగా మినుకుమంటుంది, కొన్నిసార్లు డ్యాష్‌బోర్డులో బ్రైటును సూచించే నీలం దీపం సన్నగా వెలుగుతుంది. ఎర్తుకు దారి లేని కరెంటు రెండో ఫిలమెంటు గుండా వెనక్కి నడిచి అవతలి లైటు ద్వారా ఎర్తు వెతుక్కోవడమే ఇది. కొన్ని జపాన్ డిజైను కార్లలో స్విచ్ నెగెటివ్ వైపు ఉంటుంది. వాటిలో ఉమ్మడి పిన్నుకు వచ్చేది ఎర్తు కాదు, పాజిటివ్ అని గుర్తుంచుకోండి.

రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే రెండు బల్బులూ కలిసి పోయాయని అనుకునే ముందు రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపేది), స్విచ్, ఉమ్మడి వైరు చూడాలి. రిలే టక్‌మన్నంత మాత్రాన లోపలి కాంటాక్టు బాగుందని కాదు, కాయిల్ పనిచేస్తోందని మాత్రమే. 30, 87 నంబర్ల పిన్నుల మధ్య లైటు వెలుగుతుండగా వోల్టేజీ బాగా పడుతుంటే రిలే మార్చాలి. ఫ్యూజు పదే పదే పోతుంటే ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం వైరుకు నిప్పు పెట్టడమే. ఎర్రటి 10 స్థానంలో ఎర్రటి 10 మాత్రమే వేయాలి.

బల్బులు తరచుగా మాడిపోతుంటే బ్యాటరీ దగ్గర 15 దాటుతోందేమో చూడండి. వోల్టేజీ 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అక్కడ తప్పు ఆల్టర్నేటరు వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరుది.

పక్కింటి కారుకు చేసింది ఇంతే: బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, లగ్గునూ బాడీ లోహాన్నీ తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయడం. మళ్లీ కొలిస్తే ఎర్తు వైపు 0.1.

జీనాన్ లైట్ల జోలికి ఇంట్లో పోవద్దు, వాటికి కరెంటు అందించే పెట్టె (బ్యాలస్టు) వెలిగించేటప్పుడు 20 వేల వోల్టులకు పైగా పుట్టిస్తుంది. కంప్యూటరు నడిపే ఎల్ఈడీ లైట్లలోనూ టెస్టు బల్బు పెట్టకూడదు, యూనిట్ పాడవ్వచ్చు. ఇక హాలోజన్ కార్లలో తప్పు దొరికినా సరిచేయడం మీ వల్ల కాకపోతే మెకానిక్ దగ్గరికి కొలతలు రాసుకుని వెళ్లండి. "అన్నా, లైటు మసకగా ఉంది" అంటే ఆయన మొత్తం వైరింగు విప్పాల్సి వస్తుంది. "అన్నా, లైటు వేసి ఉండగా ఎర్తు వైపు 1.9 పడుతోంది, పాజిటివ్ వైపు బాగుంది" అంటే నేరుగా ఆ బోల్టు దగ్గరికే పోతాడు.