పూల్ జాతీయ జట్టు సెలక్షన్: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

"సార్, వరల్డ్ కప్ ఆఫ్ పూల్‌కి ఇండియా సెలక్షన్స్ ఎక్కడ? ఎంత కట్టాలి?"

హైదరాబాద్‌లో కుర్రాళ్లకు పూల్ (టేబుల్ మీద కర్రతో బంతులు కొట్టి పాకెట్లలో వేసే ఆట) నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ఫోన్ తరచూ వస్తుంది. చేసేది ఎక్కువగా తల్లిదండ్రులు. గడువు దాటిపోతుందేమో, పిల్లాడి అవకాశం పోతుందేమో అన్న టెన్షన్ గొంతులోనే తెలుస్తుంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల చెవిలో ఈ మాట వేసినవాళ్ల మీద ఉంది.

అపోహ: ట్రయల్స్‌కి ఫీజు కడితే దేశం జట్టులో చోటు వస్తుంది

రాదు. వరల్డ్ కప్ ఆఫ్ పూల్ 2006లో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో మొదలైంది. దాన్ని నడిపేది బారీ హెర్న్ స్థాపించిన మ్యాచ్‌రూమ్ అనే ఇంగ్లండ్ సంస్థ. 32 జట్లు, జట్టుకి ఇద్దరే ఆటగాళ్లు, ఆట నైన్‌బాల్ (1 నుంచి 9 వరకు నంబర్లున్న బంతుల్లో ప్రతిసారీ టేబుల్ మీదున్న చిన్న నంబర్‌నే ముందు తాకాలి, 9 పాకెట్‌లో వేసినవాళ్లదే గెలుపు), ఓడితే ఇంటికే. ఏ దేశాన్ని పిలవాలో నిర్ణయించేది నిర్వాహకులు. వాళ్లు చూసేది పెద్ద టోర్నీల్లో మీ ఫలితాలు, మీ ర్యాంకింగ్. ఎక్కడైనా క్వాలిఫయర్ (అర్హత పోటీ) పెట్టినా, అది అందరికీ తెలిసేలా ప్రకటించి టేబుల్ మీద ఆడించే టోర్నీయే. హోటల్ గదిలో ఫారం నింపించుకుని డబ్బు తీసుకునేది సెలక్షన్ కాదు.

ఈ మోసం ఇంత సులువుగా సాగడానికి కారణం, మన దగ్గర రెండు దారులు కలగలిసిపోవడం. ఒకటి ఫెడరేషన్ దారి. రాష్ట్ర సంఘం, రాష్ట్ర పోటీలు, బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహించే జాతీయ పోటీలు, ఆపైన దేశం తరఫున ఆసియా, ప్రపంచ స్థాయి. పంకజ్ అద్వానీ 2006 దోహా, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బిలియర్డ్స్ స్వర్ణాలు తెచ్చింది ఈ దారిలోనే. రెండోది ప్రొఫెషనల్ పూల్. అక్కడ దేశం పేరుతో జట్లు దిగినా, పిలుపు వచ్చేది ప్రమోటర్ నుంచి. మధ్యలో దూరినవాడు మొదటి దారి మాటలు చెప్పి రెండో దారి పేరు వాడుకుంటాడు. వినేవాళ్లకు తేడా తెలియదు, పాపం.

కోస్తా నుంచి వచ్చిన ఒక కుర్రాడు గుర్తొస్తున్నాడు. పాటింగ్ (బంతిని పాకెట్‌లో వేయడం) బాగుంటుంది, ఓపిక ఉంది. వాళ్ల నాన్న జిరాక్స్ షాపు నడుపుతారు. ఎవరో పరిచయస్తుడు వరల్డ్ కప్ సెలక్షన్ అని చెబితే అప్పు చేసి మరీ డబ్బు కట్టారు. చేతికి వచ్చింది ఒక లెటర్, వీపు మీద ఇండియా అని కుట్టిన ట్రాక్‌సూట్. ఆయన ఆ లెటర్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాకు చూపించడానికి తెచ్చారు. పైన జెండా రంగులు, కింద గుండ్రటి స్టాంపు, మధ్యలో జట్టు సభ్యులుగా ఎనిమిది పేర్లు. దేశానికి ఇద్దరే ఆడే టోర్నీకి ఎనిమిది మంది! ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన లెటర్‌ని మళ్లీ కవర్లో పెట్టుకున్నారు గానీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కుర్రాడు చాలా నెలలు క్యూ (ఆడే కర్ర) ముట్టుకోలేదు. ఊళ్లో అప్పటికే సన్మానం కూడా అయిపోయింది మరి, మొహం ఎలా చూపిస్తాడు?

ఆ డబ్బుతో ఏం చేయొచ్చో చెబుతాను. ప్రొఫెషనల్ పూల్‌లో గొప్ప సంగతి ఏంటంటే, చాలా పెద్ద టోర్నీలు ఓపెన్, అంటే దేశం సెలక్షన్ లేకుండానే పేరు ఇచ్చుకోవచ్చు. యూఎస్ ఓపెన్ పూల్ చాంపియన్‌షిప్ 1976లో బారీ బెహర్మన్ మొదలుపెట్టినది. మ్యాచ్‌రూమ్ చేతికి వచ్చాక 2019 నుంచి దాన్ని 256 మందితో ఆడిస్తున్నారు. ఎంట్రీ దొరికితే ప్రపంచ చాంపియన్ పక్క టేబుల్ మీదే మీరూ ఆడొచ్చు. అమెరికా వీసా, విమానం ఖర్చు మనలాంటి వాళ్లకు భారమే, కాదనను. కానీ 2023 నుంచి హనోయ్ ఓపెన్ కూడా ఉంది. వియత్నాం మనకు దగ్గర. ముందు రాష్ట్ర పోటీలు, జాతీయ పోటీలు ఆడి, అక్కడ గట్టిగా నిలబడ్డాక ఇలాంటి ఒక్క ఓపెన్‌కి వెళ్లండి. తొలి రౌండ్‌లోనే ఓడినా మీ పేరు రికార్డులోకి ఎక్కుతుంది. ఆ లెటర్ ఎన్నేళ్లు దాచుకున్నా రికార్డులోకి ఎక్కదు.

అపోహ: దేశంలో నంబర్ వన్, నంబర్ టూ కలిస్తే అదే మంచి జట్టు

వరల్డ్ కప్ ఆఫ్ పూల్‌లో డబుల్స్ అంటే ఒకరి తర్వాత ఒకరు షాట్ ఆడాలి. మీరు 3వ నంబర్ బంతి పాట్ చేస్తారు, 4 ఆడాల్సింది మీ పార్ట్‌నర్. కాబట్టి వైట్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) ఆగాల్సింది మీకు నచ్చిన చోట కాదు, అతనికి నచ్చిన చోట. అతను స్క్రూ (వైట్‌ని వెనక్కి రప్పించే షాట్) బాగా తీస్తాడా, స్టన్‌తో (వైట్‌ని తగిలిన చోటే ఆపే షాట్) సరిపెట్టుకుంటాడా? కుషన్‌కి (టేబుల్ అంచుకి) ఆనుకున్న వైట్‌ని ధైర్యంగా ఆడతాడా? ఎడమచేతి వాటమైతే ఏ వైపు నుంచి అందుతుంది? ఇదంతా 30 సెకన్ల షాట్ క్లాక్‌లో తేల్చుకోవాలి. మా దగ్గర ఇద్దరు మెరుగైన కుర్రాళ్లను జంటగా దింపితే, స్కూల్ రోజుల నుంచి కలిసి ఆడుతున్న మామూలు జంట చేతిలో ఓడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

విజేతల జాబితా కూడా అదే చెబుతుంది. ఫిలిప్పీన్స్ నుంచి ఎఫ్రెన్ రేయెస్, ఫ్రాన్సిస్కో బస్టమాంటె 2006లో, 2009లో. చైనా నుంచి లీ హెవెన్, ఫు జియాన్‌బో 2007లో, 2010లో. ఆస్ట్రియా నుంచి ఆల్బిన్ ఔషాన్, మారియో హీ 2017లో, 2019లో. అదే జంట మళ్లీ వచ్చి మళ్లీ గెలిచింది.

అపోహ: మోస్కోనీ కప్‌లో కెప్టెన్ తన వాళ్లకే చోటిస్తాడు

యూరప్, అమెరికా జట్ల మధ్య 1994 నుంచి జరుగుతున్న పూల్ పోటీ ఇది. ఇప్పుడు జట్టుకి ఐదుగురు. కొన్ని చోట్లు ర్యాంకింగ్‌తో ఖాయమవుతాయి, మిగిలినవాటికి కెప్టెన్ వైల్డ్‌కార్డ్ ఇస్తాడు. అది చూసి పక్షపాతం అంటారు. కానీ చూడండి, యూరప్‌ని పదేపదే గెలిపించిన కెప్టెన్, నెదర్లాండ్స్‌కి చెందిన యోహాన్ రౌసింక్‌నే అమెరికా 2017లో తెచ్చుకుంది. ఆ ఏడాదీ ఓడింది. 2010 నుంచి వరసగా ఓడుతున్న ఆ జట్టు 2018లో లండన్‌లో 11-9తో గెలిచింది, 2019లో లాస్ వేగాస్‌లో మళ్లీ గెలిచింది. రెండుసార్లూ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ స్కైలర్ వుడ్‌వర్డ్. వేరే దేశం నుంచి వచ్చిన కెప్టెన్‌కి అమెరికా జట్టులో తన వాళ్లు ఎవరుంటారు? జట్టు మూడ్ కూడా ఎంపికలో భాగమే. రాత్రి జనం కేకల మధ్య, స్కోరు వెనకబడి ఉన్నప్పుడు ఎవరి చెయ్యి వణకదో ర్యాంకింగ్ కాగితం చెప్పదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

స్నూకర్ ఆడటం వచ్చినవాళ్లు నేరుగా పూల్ జట్టులోకి వెళ్లిపోవచ్చు అంటారు. స్నూకర్ ప్రపంచ చాంపియన్ స్టీవ్ డేవిస్ పేరు చెబుతారు. 2002లో అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌ని ఓడించి యూరప్‌కి మోస్కోనీ కప్ అందించింది ఆయనే, నిజం. కానీ అప్పటికి ఆయన 1994 నుంచి ఆ పోటీ ఆడుతున్నారు.

పుట్టిన దేశం తరఫునే ఆడాలి అన్నది కూడా తప్పే. రష్యాలో పుట్టిన ఫెడోర్ గోర్స్ట్ 2020లో యూరప్‌కి, 2024లో అమెరికాకి మోస్కోనీ కప్ ఆడాడు. అలాగని జట్టు మారడం సులువనుకోకండి. విదేశాల్లో స్థిరపడి పిల్లల్ని ఆడిస్తున్న మనవాళ్లు అక్కడి నిబంధనలు ముందే కనుక్కోవడం మంచిది.

ఆడపిల్లలకు ఇందులో చోటు లేదన్నది చివరి అపోహ. ఆస్ట్రియా తరఫున జాస్మిన్ ఔషాన్ వరల్డ్ కప్ ఆఫ్ పూల్ ఆడింది. పైన చెప్పిన ఆల్బిన్ ఆమె తమ్ముడే. కూతురికి ఆట మీద ఇష్టముండి, పూల్ పార్లర్ వాతావరణం ఎలా ఉంటుందోనని వెనకాడే అమ్మానాన్నలు ఉదయం పూట రండి. అప్పుడు రద్దీ ఉండదు, టేబుల్ ఖాళీగా ఉంటుంది, మీరూ పక్కన కూర్చోవచ్చు.