సముద్రానికి గోడ ఎందుకు కట్టరని అడిగిన పిల్లలకు

కాకినాడ

చిరంజీవులైన మనుమడికి, మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న తుఫాను హెచ్చరిక టీవీలో చూసి మీరిద్దరూ హైదరాబాదు నుంచి ఫోను చేసినప్పుడు, ఇక్కడ అందరం క్షేమమని విన్న తరువాత చిన్నది ఒక ప్రశ్న వేసింది. సముద్రం ఇంత దగ్గరగా ఉన్నప్పుడు కాకినాడ చుట్టూ ఎత్తయిన గోడ ఎందుకు కట్టరు అని. గోడ ఉంది తల్లీ అని నేను అంటూ ఉండగానే మాట తెగిపోయింది. ముప్పై ఏళ్ళు బడిలో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి, అలాంటి ప్రశ్నను సగంలో వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కూడా కాదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ అట్లాసు తీసి దగ్గర పెట్టుకోండి. కాకినాడకు దక్షిణాన గోదావరి గౌతమి పాయగా సముద్రంలో కలుస్తుంది. ఆ పాయ నుంచి చీలిన కోరంగి, గాడేరు అనే ఏళ్ళు మన ఊరి ముందున్న అఖాతంలోకి వస్తాయి. ఈ ఏళ్ళ నడుమ, నది మోసుకొచ్చిన ఒండ్రు మీద, పోటు వచ్చినప్పుడు మునిగి పాటు వేళకు తేలే బురద నేలలో పెరిగిన అడవిని మనం మడ అడవి అంటాము. 1978లో ప్రభుత్వం ఇందులో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర కోరంగి అభయారణ్యంగా ప్రకటించింది. అఖాతానికి తూర్పు వైపున, సముద్రానికి అడ్డంగా చాచిన చెయ్యిలాగా, సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక ఇసుక తిన్నె ఉంటుంది. దాన్ని హోప్ ఐలాండ్ అంటారు. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పక్కకు తోస్తూ తోస్తూ ఉండగా గత రెండు శతాబ్దాలలో అది పెరుగుతూ వచ్చింది. చిన్నది అడిగిన గోడ ఈ తిన్నె, ఈ మడ కలిసినదే. దీన్ని మేస్త్రీలు కట్టలేదు, గోదావరి కట్టింది.

అయితే ఈ గోడ ఉన్నంతమాత్రాన మన తీరానికి ఆపద లేదని అనుకోకండి. కోరంగి ఒకనాడు పెద్ద రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, అక్కడి నుంచి మనవాళ్ళు బర్మాకు వెళ్ళేవారు. రంగూనులో తెలుగువాళ్ళను కొరంగీలు అని పిలవడం ఈ ఊరి పేరు మీదనే వచ్చింది. 1789 డిసెంబరులో ఒక తుఫాను, 1839 నవంబరులో మరొక తుఫాను ఆ ఊరి మీదికి ఉప్పెనను తెచ్చాయి. రెండవ దెబ్బ తరువాత ఆ రేవు మళ్ళీ తన పూర్వవైభవాన్ని చూడలేదు. ఇంగ్లీషులో తుఫానుకు వాడే సైక్లోన్ అనే మాటను కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ 1840లలో పుట్టించాడు. బంగాళాఖాతపు తుఫానులను ఏళ్ళ తరబడి పరిశీలించిన ఆయన దృష్టిలో కోరంగి కూడా ఉంది. అంటే మన తీరం కష్టాలు కొత్తవి కావు. కొత్తగా వచ్చి చేరినది భూతాపం. 1901 నుంచి 2018 వరకు ప్రపంచమంతటి సగటు తీసుకుంటే సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మీ స్కేలులో ముప్పాతిక కన్నా తక్కువే కదా అనిపించవచ్చు. కాని ఉప్పెన ఆ పెరిగిన మట్టం మీద నుంచే బయలుదేరుతుంది. కాకినాడవంటి పల్లపు ఊరిలో నీరు వీధిలోకి వచ్చేదీ లేనిదీ జానెడు ఎత్తు తేడాతోనే తేలిపోతుంది. పైగా వేడెక్కిన సముద్రం తుఫానుకు బలాన్నిస్తుంది, వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టి ఎక్కువ వాన కురిపిస్తుంది.

ఇప్పుడు మడ చెట్టు ఏం చేస్తుందో చెప్తాను. ఈ భాగం నిదానంగా చదవండి.

పాటు వేళలో మడలోకి వెళితే నల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్లు వందల వేళ్ళు నిటారుగా పైకి లేచి కనిపిస్తాయి. నీళ్ళు నిలిచిన బురదలో గాలి ఉండదు కాబట్టి ఆ చెట్టు వేరును పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఉప్పు పొన్న అనే చెట్టు వేరొక పద్ధతి ఎంచుకుంది. అది మానులోంచి వంపు తిరిగిన వేళ్ళను నాలుగు వైపులా దింపి, ఎన్నో కాళ్ళ మీద నిలబడినట్లు ఉంటుంది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు కాడగా సాగి, ఆ తరువాతే కింద పడుతుంది. పుట్టిన గంటలోనే పోటుకు కొట్టుకుపోయే చోట బతకవలసిన బిడ్డను తల్లి అంత సిద్ధం చేసి పంపుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఈ సంగతి నాకు పాతబడలేదు.

ఈ వేళ్ళు, కాళ్ళు, గుబురు కొమ్మలు అన్నీ కలిసి వచ్చే అలను చీలుస్తాయి. నీరు వాటి మధ్య నుంచి దూరి రావలసి వచ్చినప్పుడు దాని వేగం పోతుంది, వేగం పోయిన నీరు తనలోని ఒండ్రును అక్కడే దించుతుంది. శాస్త్రవేత్తలు అనేక దేశాలలో కొలిచి చూసినదాని ప్రకారం 100 మీటర్ల మడ పట్టీ గుండా వచ్చేసరికి అల ఎత్తు 13 నుంచి 66 శాతం వరకు తగ్గుతుంది. ఉప్పెన సంగతి వేరు. ఉప్పెన అంటే ఒక్క అల కాదు, తుఫాను తోసుకొచ్చిన మొత్తం నీటి మట్టమే పైకి లేవడం. దాన్ని తగ్గించడానికి మడకు చాలా వెడల్పు కావాలి. ఒక కిలోమీటరు అడవికి 5 నుంచి 50 సెంటీమీటర్ల వరకే తగ్గుతుందని లెక్క. అందుకని మడ ఉంది కదా అని తుఫాను షెల్టరుకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. హెచ్చరిక, షెల్టరు, ఖాళీ చేయించే ఏర్పాటు, మడ ఇవన్నీ ఒకదానికొకటి తోడుగా ఉండాలి. 1999లో ఒడిశాను ముంచిన మహా తుఫాను తరువాత కేంద్రపాడ జిల్లా గ్రామాలను పరిశీలించినవారు, సముద్రానికి తమకు మధ్య మడ వెడల్పుగా మిగిలిన ఊళ్ళలో తక్కువమంది చనిపోయారని గుర్తించారు.

1996 నవంబరు 6 రాత్రి మీ నాన్న చిన్నపిల్లవాడు. ఆ తుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. మన ఇంటి పెంకులు ఒక్కొక్కటిగా లేచిపోతుంటే మీ నానమ్మ వాణ్ణి మంచం కింద పడుకోబెట్టి తాను అడ్డంగా కూర్చుంది. తెల్లవారాక బయటికి వస్తే కొబ్బరి చెట్లు మొదళ్ళతో పడి ఉన్నాయి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ భాగం కోనసీమవారు, సముద్రం మీద వేటకు వెళ్ళినవారు. ఆ తరువాత కొన్ని వారాలకు కోరంగి వైపు వెళ్ళినప్పుడు, కొమ్మలు విరిగి ఆకు రాలినా మడ చెట్లు చాలావరకు వేళ్ళ మీద నిలబడే ఉండటం చూశాను. అంతకు ముందు నేను కూడా ఆ అడవిని కట్టెలు తెచ్చుకునే బీడుగానే అనుకునేవాణ్ణి.

ఇక రాతి గోడ సంగతి. మనకు ఉత్తరాన ఉప్పాడ ఉంది కదా, మీ అమ్మ పెళ్ళికి జాందానీ చీర తెచ్చిన ఊరు. ఆ ఊరిని సముద్రం ఏటేటా కోసుకుపోతున్నది. ఇళ్ళు, గుళ్ళు, రోడ్డు పోయాయి. ఒడ్డున బండరాళ్ళు పోశారు. ఇసుక నింపిన పెద్ద గొట్టాలను జియోట్యూబు అనే పేరుతో పరిచారు, వాటిని కూడా అలలు దెబ్బతీశాయి. నిటారైన అడ్డు మీద కొట్టిన అల తన బలాన్ని కోల్పోక వెనక్కి తిరిగి, ఆ అడ్డు కాళ్ళ కింది ఇసుకనే తోడేస్తుంది, కొన్నాళ్ళకు అడ్డే కుంగుతుంది. అలాగని ఉప్పాడలో మడ నాటితే సరిపోతుందని నేను చెప్పను. అక్కడిది అలలు నేరుగా కొట్టే ఇసుక తీరం. మడకు కావలసినది నెమ్మదైన నీరు, బురద. ఇసుక తీరానికి తగిన కాపు ఇసుక దిబ్బలు, వాటిని పట్టి ఉంచే తీగలు, రావణాసురుని మీసాలు అని మనం పిలిచే ముళ్ళ గడ్డి. ప్రకృతి ఆధారిత పరిష్కారం అని మీ పుస్తకాలలో ఇప్పుడు వస్తున్న మాటకు నా దృష్టిలో అసలు అర్థం ఇదే. ఏ నేలకు ఏది సహజమో తెలుసుకుని దాన్ని బతకనివ్వాలి.

బడిలో మొక్కలు నాటిన రోజు ఫోటో పెద్దవాడు పంపించాడు. సంతోషించాను. కాని మడ విషయంలో నాటడం కన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మన అడవిలో కొన్నిచోట్ల నడిమధ్య బోసిపోయిన మైదానాలు ఉండేవి. చెట్లు కొట్టిన తరువాత అక్కడి బురద ఎండి, కుంగి, పళ్ళెంలాగా పల్లమైంది. పెద్ద పోటుకు ఆ పల్లంలోకి వచ్చిన ఉప్పునీరు బయటికి పోయే దారి లేక నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు మాత్రం మిగిలేది. అలా ఏడాది మీద ఏడాది పేరుకుని, చివరికి ఆ నేల సముద్రం కన్నా ఉప్పగా తయారయ్యింది. అందులో ఎన్ని మొక్కలు నాటినా మాడిపోయాయి. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, ఇక్కడి మత్స్యకార గ్రామాలవారు కలిసి వేరే విధంగా ఆలోచించారు. ఏటి నుంచి ఆ పల్లంలోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు, చేప వెన్నెముకకు ముళ్ళు ఉన్నట్లుగా తవ్వారు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఉప్పును కరిగించింది, పాటు దాన్ని తీసుకుపోయింది. నేల మెత్తబడిన తరువాత కాలువల గట్ల మీద తెల్లమడ, నల్లమడ నాటితే నిలిచాయి. కొన్నిచోట్ల పోటుతో కొట్టుకొచ్చిన గింజలే మొలిచాయి. ఆ కాలువలు పూడిపోకుండా చూడటం ఇప్పటికీ పనే. నాటిన రోజు ఫోటో తీసుకుని వెళ్ళిపోయేవారికి ఈ పని కనిపించదు.

మన ఊరికి పోలిన ఊరు ఆఫ్రికాలో ఒకటి ఉంది. మొజాంబిక్‌లోని బెయిరా. అది కూడా నది మొగ దగ్గర పల్లపు నేల మీద కట్టిన రేవు పట్టణమే. ఊరి నడుమ పారే చివేవే అనే ఉప్పుటేరు పూడిపోయి చెత్తకుప్పగా మారి, వాన పడితే ఊరు మునిగేది. వారు ఆ ఏటిని తవ్వి పోటుపాటులకు దారి ఇచ్చి, ఒడ్డున మడను తిరిగి పెంచారు. 2019 మార్చిలో ఇడాయ్ తుఫాను ఆ ఊరిని ఎంతో ధ్వంసం చేసింది. అయినా వారు ఆ పనిని వదలలేదు. కాకినాడకూ జగన్నాథపురానికీ నడుమ ఉన్న మన ఉప్పుటేరును వంతెన మీద నుంచి చూసినప్పుడల్లా నాకు బెయిరా గుర్తుకు వస్తుంది.

మన గోడకు మనమే చేస్తున్న కన్నాలను కూడా మీకు దాచకుండా చెప్పాలి. రొయ్యల చెరువులకోసం 1990లలో డెల్టా అంతటా మడను నరికారు. దుమ్ములపేట దగ్గర మడ నేలను ఇళ్ళ స్థలాలకని చదును చేస్తే ఆ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవారికి ఇల్లు కావాలి, అందులో సందేహం లేదు. కాని ఉప్పెనకు ఎదురుగా, అడ్డున్న అడవిని తీసేసి ఇల్లు ఇస్తే ఆ పేదవారినే ముందు ముంచినట్లవుతుంది. అన్నిటికన్నా కనిపించని కన్నం ఒండ్రు తగ్గిపోవడం. గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు పెరిగిన కొద్దీ ఒండ్రు వాటి వెనుకనే ఆగిపోతున్నది. ఒండ్రు అందితే మడ తన నేలను తానే ఎత్తు పెంచుకుంటూ, పెరిగే సముద్రంతో సమానంగా పైకి రాగలదు. అందకపోతే నిలబడ్డ చోటనే మెల్లగా మునుగుతుంది. ఆనకట్టలు వద్దనలేము, వాటి నీళ్ళతోనే మన డెల్టా అన్నం తింటున్నది. ఎంత నీటిని, ఎంత మట్టిని సముద్రం దాకా వదలాలన్న లెక్క మాత్రం ఇంజనీర్లు వేయాలి. పెద్దవాడు ఇంజనీరింగు చదువుతానంటున్నాడు కాబట్టి ఈ లెక్క వాడికోసం ఇక్కడ వ్రాసి పెడుతున్నాను.

ఈ అడవిని అందరికన్నా బాగా ఎరిగినవారు మండపీతలు పట్టేవారు. పండుగప్ప, టైగర్ రొయ్య పిల్లలుగా ఉన్నప్పుడు ఏ ఏటిలో దాక్కుంటాయో, బావురుపిల్లి ఏ గట్టున తిరుగుతుందో వారికి తెలుసు. చేపముల్లు కాలువలు ఎక్కడ తవ్వాలో తేల్చేటప్పుడు వారి మాట వినడం వల్లనే ఆ పని నిలిచిందని నా నమ్మకం.

సంక్రాంతి సెలవులకు మీరు వచ్చినప్పుడు కోరంగిలో చెక్క బాట మీదుగా లోపలికి తీసుకువెళ్తాను. మిట్టమధ్యాహ్నం పోటు మీద ఉంటే నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు కనుక పాటు వేళ చూసుకుని వెళ్ళాలి. ఆ వేళలు రేవు దగ్గర పడవవాళ్ళను అడిగి ఉంచుతాను. బురద అంటినా ఫరవాలేని బట్టలు తెచ్చుకోండి. చిన్నది వేళ్ళను లెక్కపెట్టడానికి ఒక నోటు పుస్తకం కూడా తెచ్చుకోవాలి. ఒక్క నల్లమడ చెట్టు చుట్టూ ఎన్ని లేచి ఉన్నాయో నేను లెక్కించడం మొదలుపెట్టి, పోటు వచ్చేయడంతో మూడు వందల దగ్గర ఆపేశాను.

ఇట్లు,
మీ తాతయ్య