ఉపగ్రహ పటంలో ఎరుపు కనిపిస్తే చేను ఎడారి అయినట్టేనా?

అపోహ: పాత బొమ్మలో పచ్చగా ఉంది, కొత్త బొమ్మలో బోడిగా ఉంది. అంటే భూమి చచ్చిపోతోంది.

వాస్తవం: ముందు ఆ రెండు బొమ్మల తేదీలు చూడండి. నాకొచ్చే వాట్సాప్ ఫార్వర్డుల్లో చాలావాటి సంగతి అక్కడే తేలిపోతుంది. అనంతపురం ఎర్రనేలల్లో వానాధార వేరుశనగ బాగా కమ్ముకున్నప్పుడు ఎన్‌డీవీఐ (ఉపగ్రహ చిత్రం నుంచి లెక్కగట్టే పచ్చదనం కొలత) 0.6 దాకా వెళ్తుంది. అదే చేను మే నెలలో దుక్కి నేల, 0.2 లోపే ఉంటుంది. సెప్టెంబరు బొమ్మ పక్కన మే బొమ్మ పెట్టి ఎడారి వచ్చేసిందనడం, తిరుపతిలో గుండు చేయించుకొచ్చినాయన్ని చూసి బట్టతల వచ్చిందన్నట్టే.

నెల ఒకటే అయినా సరిపోదు, వాన లెక్క కూడా కావాలి. రాయలసీమలో 2018 కరువు ఏడాది. 2020లో నైరుతి వానలు సాధారణం కంటే చాలా ఎక్కువ. ఆ రెండేళ్లే పక్కపక్కన పెడితే నేల బాగుపడిందనీ చెప్పొచ్చు, పాడైందనీ చెప్పొచ్చు, ఏది ముందు పెడతారన్నదే తేడా. సహారా విషయంలోనూ ఇదే జరిగింది. ఎడారి ఏటా 5 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వస్తోందని 1970ల్లో గట్టిగా అన్నారు. 1980 నుంచి 1990 దాకా ఉపగ్రహ లెక్కలు తీస్తే, ఎడారి అంచు వానను బట్టి ఒక ఏడాది కిందికి, ఇంకో ఏడాది పైకి జరుగుతూ కనిపించింది.

అందుకే ఉపగ్రహ బొమ్మలు పరిశీలించే మేం, 2000 నుంచి ఉన్న మోడిస్ (నాసా ఉపగ్రహాల్లోని కెమెరా లాంటి పరికరం) డేటాలో ఏటా అదే పదిహేను రోజులకు చెందిన ఎన్‌డీవీఐ విలువలను ఏడాది వెంట ఏడాది వరసపెట్టి, వానవల్ల వచ్చే హెచ్చుతగ్గులను తీసేస్తాం. ఆ తర్వాత కూడా గీత కిందికే పోతుంటే, అప్పుడు అనుమానపడి పొలానికి వెళ్తాం.

ఎరుపు సంగతి వేరే. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ పట్టుకుని వచ్చాడు. "సార్, మా భూమి ఎడారి అయితాందంట. బ్రోకరేమో వచ్చిన కాడికి ఇచ్చేయమంటాండాడు" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. చూస్తే అది ఎఫ్‌సీసీ బొమ్మ, అంటే అసలు రంగులు కాకుండా వేరే రంగులు వేసిన ఉపగ్రహ చిత్రం! అందులో సమీప పరారుణానికి (కంటికి కనపడని కాంతి, పచ్చటి ఆకులు దీన్ని బాగా తిప్పికొడతాయి) ఎరుపు రంగు ఇస్తారు, కాబట్టి ఎంత ఎర్రగా ఉంటే అంత పచ్చదనం ఉన్నట్టు. అన్నిటికంటే ముదురు ఎరుపులో ఉన్నది ఆయన చీనీ (బత్తాయి) తోటే. "అట్లయితే చెట్లు బాగున్నట్టేనా?" అన్నాడు, బొమ్మని వేళ్లతో పెద్దది చేసి గట్టు వెతుక్కుంటూ. బాగున్నాయి పెద్దాయనా, బోరులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయో మాత్రం ఇది చెప్పదు అన్నాను. ఇలాంటి బొమ్మ చూపించి భూములు కొట్టేయాలని చూసేవాళ్లను ఏమనాలి?

అపోహ: పచ్చగా ఉంటే భూమి బాగున్నట్టే.

వాస్తవం: సర్కారు తుమ్మ కూడా పచ్చగానే కనిపిస్తుంది. బీడు నిండా అది కమ్ముకుంటే ఎన్‌డీవీఐ పెరుగుతుంది, గొర్రెలకు గడ్డి తగ్గుతుంది.

అపోహ: ఉపగ్రహం మన చేనునే చూస్తూ కూర్చుంటుంది.

వాస్తవం: రెండు సెంటినెల్-2 ఉపగ్రహాలు కలిపి 5 రోజులకోసారి వస్తాయి. ఆ పూట మబ్బు పడితే ఆ బొమ్మ పనికిరాదు.

అపోహ: ఇవన్నీ డబ్బులు పోస్తేగానీ దొరకవు.

వాస్తవం: అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం, సెంటినెల్‌వీ ఉచితమే. కంప్యూటర్ వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే, మీ చేను మీద ఒకే నెలవి ఐదారేళ్ల బొమ్మలు తీయించుకుని, పక్కన మీ మండలం వానపాతం రాసుకుని చూడండి. బ్రోకరుతో మాట్లాడటం ఆ తర్వాత.