విశాఖ కుళాయి నీళ్లు: అపోహలు - వాస్తవాలు

నీటి నాణ్యత పరీక్షలే నా పని. విశాఖలో ఏ కాలనీకి వెళ్లినా అవే అనుమానాలు అడుగుతారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: సముద్రం పక్కనున్న ఊరు, కుళాయి నీళ్లలోనూ ఉప్పు ఉంటుంది.

ఉప్పగా ఉండేవి బీచ్ దగ్గరి బోరు నీళ్లు. అక్కడ భూగర్భ జలాన్ని అతిగా తోడేస్తే సముద్రపు నీరు లోపలికి చొరబడుతుంది. కుళాయి నీళ్లు వచ్చేది జలాశయాల నుంచి: శారద నది మీది రైవాడ, గోస్తని మీది తాటిపూడి, ఊరి పక్కనే మేఘాద్రిగెడ్డ. ఏలేరు నీళ్లయితే 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి వస్తాయి. వీటిలో ఉప్పు సహజంగానే తక్కువ.

అపోహ: టీడీఎస్ ఎంత తక్కువుంటే నీళ్లు అంత మంచివి.

టీడీఎస్ మీటరు చెప్పేది కరిగిన లవణాల సంగతి మాత్రమే. క్రిములు దానికి కనిపించవు. మురుగు కలిసిన నీళ్లకు కూడా 200 చూపించవచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా నిశ్చింతగా తాగవచ్చు.

ఆర్వో (నీళ్లలోని లవణాలను తీసేసే యంత్రం) అమ్మడానికి వచ్చినవాళ్లు ఒక గ్లాసులో కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో ఆర్వో నీళ్లు పోసి, వాటిలో కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. కుళాయి నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఆ రంగు ఇనుప కడ్డీ కరిగి వచ్చిందే. ఆర్వో నీళ్లలో లవణాలు లేక కరెంటు సరిగా పారదు, అందుకే అవి తేటగా ఉంటాయి. వాటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి, అవీ రంగు మారతాయి. పసిపిల్లలున్న ఇళ్లలో ఇలా భయపెట్టి అమ్మడం చూస్తే నాకు చాలా కోపం వస్తుంది. ఉప్పు బోరు ఉన్నవాళ్లకు ఆర్వో అవసరమే. జలాశయం నీళ్లకు ఆర్వో పెడితే, లోపలికి పోసిన నీళ్లలో చాలా భాగం డ్రైనేజీ పాలవుతుంది.

అపోహ: క్లోరిన్ వాసన వస్తే తాగకూడదు.

క్రిములను చంపేది క్లోరినే. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష ద్రావణం చుక్కలు వేసినప్పుడు నీళ్లు లేత పసుపుకు మారితే మాకు ధైర్యం. ఏ రంగూ రాకపోతేనే టెన్షన్. వాసన నచ్చకపోతే కాసేపు మూత తీసి ఉంచండి, తగ్గిపోతుంది.

అపోహ: నీళ్లు పాలలా తెల్లగా వస్తే క్లోరిన్ మందు ఎక్కువైనట్టు.

అది గాలి. గ్లాసులో పట్టి ఉంచితే కింది నుంచి పైకి తేటపడుతుంది.

అపోహ: ప్లాంటులో శుద్ధి చేశారు కాబట్టి ఇంటిదాకా అలాగే వస్తాయి.

ఎక్కువ చెడిపోయేది ఈ ఆఖరి దూరంలోనే. మన దగ్గర నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఆ సమయంలో ఇంటికి నీళ్లు తెచ్చే సర్వీసు పైపు మురుగుకాలువలో మునిగి ఉండి, జాయింటు వదులైతే మురికి లోపలికి వస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. నష్టం ఒక్క ఇంటితో ఆగదు, అదే లైనులోని పక్కవాళ్లకూ తగులుతుంది. మోటారు పెట్టాలంటే సంపులోకి నీళ్లు పట్టుకుని, అక్కడి నుంచి పైకి ఎక్కించండి. సంపు మూత నేల మట్టానికి ఉంటే వాన నీళ్లు దిగుతాయి, కాబట్టి అంచు ఎత్తుగా కట్టించండి.

నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు తాగడానికి పట్టకండి. రంగో వాసనో మారితే బాగా తెర్లనిచ్చి, ఆ తర్వాత మరో నిమిషం మరిగించి తాగండి. కాలువలోంచి వెళ్లే పైపును మాత్రం ప్లంబర్‌ని పిలిచి ఈ వానలకు ముందే పైకి తీయించండి.