నానో సెల్యులోజ్: నీటి దగ్గర ఆగిన వందేళ్ల ప్రయత్నం

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని మన దేశం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. స్ట్రాలు, ఇయర్‌బడ్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ ఆ జాబితాలోకి వెళ్లాయి. చిప్స్ ప్యాకెట్, షాంపూ సాషే, బిస్కెట్ రేపర్, మసాలా పొడి కవర్ వెళ్లలేదు. ఏ ఊళ్లోనైనా మురుగుకాలువ పూడిక తీస్తే ముందు బయటపడేవి ఇవే. చెత్త ఏరుకుని బతికేవాళ్లు కూడా వీటిని ముట్టుకోరు, ఎందుకంటే పాత సామాన్ల దుకాణంలో వీటికి ధర లేదు.

ధర లేకపోవడానికి కారణం వాటి తయారీలోనే ఉంది. పైకి ఒకే పొరలా కనిపించే చిప్స్ ప్యాకెట్‌లో రెండు మూడు ప్లాస్టిక్ పొరలు, వాటి మధ్య పలచటి అల్యూమినియం పూత ఉంటాయి. తేమను ఒక పొర ఆపుతుంది, ఆక్సిజన్‌ను మరొకటి ఆపుతుంది, ఇంకొకటి వేడికి కరిగి అంచులను అతికిస్తుంది. ఒకదానికొకటి అంటుకుపోయిన ఈ పొరలను విడదీసి మళ్లీ వాడుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు. ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయం అని ఎవరు ఏది చూపించినా ఈ పనుల్లో అది ఎన్ని చేయగలదో అడగాలి. మొక్కల పీచును అతి సన్నగా విడదీసి చేసే నానో సెల్యులోజ్ కొన్నేళ్లుగా ఆశలు రేపుతోంది, దానికీ ఈ ప్రశ్న తప్పదు. దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే సెల్యులోజ్ మన తిండిని ప్యాక్ చేయడం ఇది మొదటిసారి కాదు.

చెట్టు కలపకైనా, పత్తి పోగుకైనా, గడ్డిపరకకైనా గట్టిదనం ఇచ్చే పదార్థం ఒక్కటేనని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ 1838లో గుర్తించాడు. అదే సెల్యులోజ్. 1892లో ఇంగ్లండ్‌లో క్రాస్, బెవాన్, బీడిల్ అనే ముగ్గురు దాన్ని కరిగించే విస్కోస్ పద్ధతికి పేటెంట్ పొందారు. ఆ ద్రావణాన్ని సన్నని రంధ్రాల గుండా లాగితే రేయాన్ దారం అవుతుంది. ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న స్విస్ ఇంజనీరు జాక్ బ్రాండెన్‌బర్గర్ దాన్ని పలచటి రేకులా పరచాడు. హోటల్లో టేబుల్ గుడ్డ మీద వైన్ ఒలకడం చూసి, మరక పట్టని బట్ట చేయాలని ఆయన పని మొదలుపెట్టాడని చెబుతారు. బట్టకు వేసిన పూత గట్టిపడి, పొరలా ఊడివచ్చింది. ఆ పొరే సెల్లోఫేన్.

అమెరికాలో సెల్లోఫేన్ తయారీ హక్కులను డ్యూపాంట్ కంపెనీ 1923లో తీసుకుంది. లోపలి సరుకు కనబడేలా ప్యాక్ చేయడం దుకాణదారులకు బాగా నచ్చింది. కష్టం ఆ తర్వాత వచ్చింది. సెల్లోఫేన్ చుట్టిన మిఠాయి దానికే అతుక్కుపోయేది, చుట్టలు ఎండిపోయేవి, కత్తులు తుప్పు పట్టేవి. దుమ్మునూ జిడ్డునూ ఆపే ఈ పొర తేమను ఆపలేకపోయింది. విలియం హేల్ చార్చ్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు వేలకు పైగా మిశ్రమాలు ప్రయత్నించి, చివరకు 1927లో మైనం కలిపిన నైట్రోసెల్యులోజ్ పూతతో తేమను ఆపాడు. రొట్టె, కేకు, సిగరెట్ ప్యాకెట్ల మార్కెట్ అప్పుడు గానీ తెరుచుకోలేదు.

ఈ కథలో నేను ముఖ్యంగా పట్టుకునేది ఇక్కడే. సెల్యులోజ్‌కు గాలితో పేచీ లేదు, నూనెతో పేచీ లేదు. దాని పేచీ అంతా నీటితోనే. ఆ అణువు నిండా నీటిని పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులే. పత్తి బట్ట చెమట పీల్చడానికీ, సెల్లోఫేన్ తేమకు లొంగిపోవడానికీ కారణం ఒక్కటే. చార్చ్ వేసిన పూత ఆ స్వభావాన్ని మార్చలేదు, కప్పి ఉంచింది.

1933లో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో ఐసీఐ అనే రసాయన కంపెనీ శాస్త్రవేత్తలు గిబ్సన్, ఫాసెట్ ఒక ప్రయోగం చేస్తుండగా అనుకోకుండా పాలిథీన్ పుట్టింది. యుద్ధకాలంలో దాన్ని రాడార్ కేబుళ్లకు తొడుగుగా వాడారు. యుద్ధం ముగిశాక అది ప్యాకింగ్‌లోకి వచ్చింది. దానికి నీరంటే పడదు, కాబట్టి ఏ పూతా అక్కర్లేదు. వేడి తగిలిస్తే అంచులు అతుక్కుంటాయి, పైగా చవక. 1960ల నుంచి పాలీప్రొపిలీన్ పొరలు కూడా రావడంతో సెల్లోఫేన్ పక్కకు తప్పుకుంది. నష్టపోయిన వాటిలో మన దేశపు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. కేరళలోని పెరుంబావూర్ దగ్గర రేయాన్‌తో పాటు సెల్లోఫేన్ కూడా తయారుచేసిన ట్రావన్‌కోర్ రేయాన్స్ 2001లో మూతపడింది. సెల్లోఫేన్ పోవడం పర్యావరణానికి నష్టమని మాత్రం తేలిగ్గా అనలేం. విస్కోస్ తయారీకి వాడే కార్బన్ డైసల్ఫైడ్ కార్మికుల నరాలను, మనసును దెబ్బతీసిన చరిత్ర ఉంది. చెట్టు నుంచి వచ్చిన సరుకు కదా అని దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ కూడా శుభ్రంగా ఉంటుందని అనుకోకూడదు.

నానో సెల్యులోజ్ దారి వేరు. ఇందులో సెల్యులోజ్‌ను కరిగించరు, పోగులను విడదీస్తారు. కాగితపు గుజ్జులోని ఒక్కో పోగు ఇరవై ముప్పై మైక్రాన్ల మందం ఉంటుంది. దాని లోపల లక్షల సన్నని పోచలు పెనవేసుకుని ఉంటాయి. ఆ పోచల మందం కొన్ని నానోమీటర్లే, అంటే వెంట్రుకలో వేల వంతు. 1950 ప్రాంతంలో స్వీడన్‌లోని ఉప్సాలాలో బెంగ్ట్ రాన్‌బీ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వదులు భాగాలను తొలగించి, మిగిలిన స్ఫటికాలను నీటిలో తేలేలా చేశాడు. అవి ఇప్పుడు నానో క్రిస్టల్స్ అంటున్నవే.

రెండో దారి పాలలోని కొవ్వును సమంగా కలిపే యంత్రం గుండా వెళ్లింది. 1970ల చివర్లో అమెరికాలోని ఐటీటీ రేయోనియర్ కంపెనీలో ఆల్బిన్ టర్బాక్ బృందం గుజ్జును నీళ్లలో పలచగా కలిపి, డెయిరీలో వాడే హోమోజినైజర్‌లో తీవ్రమైన ఒత్తిడితో మళ్లీ మళ్లీ పంపింది. నీళ్లలా పోసిన గుజ్జు జెల్‌గా మారి బయటికి వచ్చింది. పోగులన్నీ విడిపోయి వలలా అల్లుకున్నాయన్న మాట. అయినా అది పరిశ్రమగా నిలబడలేదు. కరెంటు ఖర్చే అడ్డం. ముందస్తు శుద్ధి లేకుండా ఒక టన్ను గుజ్జును ఇలా విడదీయాలంటే దాదాపు 30,000 యూనిట్లు కావాలి. నెలకు రెండు వందల యూనిట్లు కాల్చే ఇంటికి అది పన్నెండేళ్ల కరెంటు. చమురు నుంచి చవకగా ప్లాస్టిక్ దొరుకుతుంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? దాదాపు పాతికేళ్లు ఆ ఆవిష్కరణ అక్కడే ఉండిపోయింది.

దాన్ని కదిలించినవారు టోక్యో విశ్వవిద్యాలయంలోని అకిరా ఇసోగాయ్, త్సుగుయుకి సైటో. టెంపో అనే ఉత్ప్రేరకంతో పోచల పైభాగాన్ని ఆక్సీకరిస్తే ప్రతి పోచకూ రుణావేశం వస్తుంది. అప్పుడు అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కాస్త కలిపితే చాలు విడిపోతాయి. 2006లో వెలువడిన ఈ పద్ధతికి 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి దక్కింది. ఆ ఇద్దరితో పాటు యోషిహారు నిషియామా దాన్ని పంచుకున్నారు. స్వీడన్‌లో ఇదే పనిని ఎంజైములతో సాధించారు. కరెంటు ఖర్చు ఒక్కసారిగా పడిపోయింది.

అదే కాలంలో ఇంకొక మార్పు వచ్చింది. పత్రికలు ఇంటర్నెట్‌లోకి వెళ్లడంతో న్యూస్‌ప్రింట్ గిరాకీ తగ్గి, కెనడా, స్వీడన్, ఫిన్లండ్, జపాన్ కాగితం మిల్లులు కొత్త వ్యాపారం కోసం వెతకసాగాయి. నానో సెల్యులోజ్ వైపు పెట్టుబడులు మళ్లడానికి పర్యావరణ చింత ఎంత కారణమో ఈ ఇబ్బంది అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. 2012లో కెనడాలోని క్యుబెక్‌లో సెల్యుఫోర్స్ కంపెనీ రోజుకు టన్ను సామర్థ్యంతో ప్లాంటు తెరిచింది. 2017లో జపాన్‌లోని ఇషినోమాకి మిల్లులో నిప్పాన్ పేపర్ ఏడాదికి 500 టన్నుల ప్లాంటు పెట్టింది. ప్యాకేజింగ్ పేరుతో ఇంత సందడి జరిగినా, జపాన్‌లో ఇది ముందుగా చేరింది పెద్దల డైపర్లలోకి, బాల్‌పెన్ సిరాలోకి. చిటికెడు వేస్తే సరిపోయే, ధర ఎక్కువైనా తట్టుకునే సరుకులు అవి. చిప్స్ ప్యాకెట్ అలాంటిది కాదు.

అయితే ప్యాకేజింగ్‌లో దీని శక్తి తక్కువేమీ కాదు. ఇసోగాయ్ బృందం 2009లో ప్రచురించిన ఫలితం చూడండి. మొక్కల నుంచే తయారయ్యే పీఎల్ఏ అనే పొర ఆక్సిజన్‌ను సరిగా ఆపలేదు. దాని మీద నానో సెల్యులోజ్‌ను మైక్రాన్‌లో సగం కూడా లేని పూతగా వేస్తే లోపలికి చొరబడే ఆక్సిజన్ దాదాపు 750వ వంతుకు తగ్గిపోయింది. నూనె పదార్థాలు ముక్కిపోకుండా ఆపడానికి చిప్స్ ప్యాకెట్‌లో అల్యూమినియం చేసే పని ఇదే. కాబట్టి నానో సెల్యులోజ్‌ను క్యారీబ్యాగ్‌కు బదులు అని చూడడం కంటే, పొరల ప్యాకెట్‌లో ఆ లోహం ఆక్రమించిన చోటికి వచ్చే పలచటి పూతగా చూడడమే సరైనదని నాకనిపిస్తుంది. బ్యాగు కావాలంటే గుడ్డ సంచి ఉండనే ఉంది.

కానీ ఆ అద్భుతమైన అంకెలన్నీ పొడి గాలిలో వచ్చినవి. గాలిలో తేమ 70 శాతం దాటుతున్న కొద్దీ పోచలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి, ఆక్సిజన్ లోపలికి వస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలం ఆ హద్దు దాటని రోజులు తక్కువ. స్వీడన్ గోదాములో పాసైన ప్యాకెట్ మన తీరంలో పాసవుతుందని చెప్పలేం. పోనీ, నీరు తగలకుండా పైన ప్లాస్టిక్ పూత వేద్దామా? అప్పుడది పేపర్ కప్పు దారిలోనే వెళుతుంది. టీ బండి దగ్గర కాగితమని మనం తాగి పారేసే కప్పు లోపల పాలిథీన్ పూత ఉంటుంది, అందుకే అది కాగితంలానూ రీసైకిల్ కాదు, ప్లాస్టిక్‌లానూ కాదు. నీటిని ఆపే పొర కూడా మట్టిలో కలిసేదైతేనే ఈ ప్రయత్నానికి అర్థం ఉంటుంది. మొక్కల మైనాలు, పీహెచ్ఏ లాంటి, బ్యాక్టీరియా తయారుచేసే పాలిమర్లు ఇందుకు పరీక్షిస్తున్నారు. చార్చ్ ఎదుర్కొన్న సమస్యే ఇది. ఆయన ముందు లేని షరతు ఒకటి మన ముందుంది, పూత కూడా మిగలకూడదు.

మన దగ్గరి నేపథ్యం చూస్తే, ప్లాస్టిక్ నిబంధనలు ఎక్కువగా మందం చుట్టూనే తిరిగాయి. క్యారీబ్యాగ్ మందం 1999లో కనీసం 20 మైక్రాన్లన్నారు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు చివర్లో 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. అసలు చిక్కయిన పొరల ప్యాకెట్ల గురించి 2016 నిబంధనల్లో ఒక గట్టి మాట ఉంది. రీసైకిల్ కాని వాటిని రెండేళ్లలో పూర్తిగా ఆపాలని అందులో రాశారు. 2018 సవరణలో ఆ మాట పలచబడింది. రీసైకిల్ కాకపోయినా, కాల్చి శక్తి తీయగలిగితే లేదా మరో వాడకం ఉంటే చాలన్నారు. సిమెంటు బట్టీలో ఏదైనా కాలుతుంది కాబట్టి ఆ గడువుకు విలువ పోయింది. కొత్త పదార్థం మీద పరిశోధన చేసేవారికి మార్కెట్ కూడా దానితోనే పోయింది. చట్టం గట్టిగా నిలబడితే ఏమవుతుందో మనకు తెలియనిదేం కాదు. ధాన్యానికి, పంచదారకు జనపనార సంచులు వాడాలన్న 1987 చట్టం వల్లే గోనెసంచి ఇప్పటికీ మన మార్కెట్ యార్డుల్లో కనిపిస్తోంది.

ముడిసరుకు విషయంలో మాత్రం తెలుగు నేలకు కొరత లేదు. పత్తి మీద పనిచేసే ముంబైలోని సర్కాట్ కేంద్రీయ సంస్థ గింజల మీది నూగు నుంచి నానో సెల్యులోజ్ తీసే చిన్న పైలట్ ప్లాంటును చాలాకాలం కిందటే నెలకొల్పింది. తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తారు, ఎకరాకు సుమారు టన్ను కట్టె మిగులుతుంది. గులాబీ రంగు పురుగు కట్టెకు మిగిలిన కాయల్లో దాగి తర్వాతి పంటకు పాకుతుంది కాబట్టి రైతులు దాన్ని చేలోనే తగలబెడతారు. ఆ కట్టెలోని సెల్యులోజ్ కాగితపు కలపకు పెద్దగా తీసిపోదు. పత్తి జిల్లాల నడుమనే కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు ఉంది, సారపాకలో భద్రాచలం మిల్లు ఉంది. ములుగు జిల్లా కమలాపురంలో రేయాన్ గుజ్జు తయారుచేసిన ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. గుజ్జు పని తెలిసిన చేతులు ఈ ప్రాంతంలో ఉన్నాయి.

మిల్లుల దగ్గరే ఎందుకంటే, నానో సెల్యులోజ్ జెల్‌లో 97 శాతం దాకా నీరే. దాన్ని లారీల్లో దూరం మోయడమంటే నీళ్లు మోయడమే. ఎండబెడితే పోచలు మళ్లీ అతుక్కుపోతాయి, తిరిగి విడదీయడం కష్టం. కాబట్టి కాగితం తయారయ్యే చోటే జెల్ తయారై, అక్కడే పూతగా పడాలి. ఇక ఇది సుబాబుల్, నీలగిరి గుజ్జు మీదే నడిస్తే తోటల కోసం భూమి మీద ఒత్తిడి పెరుగుతుంది. చేలో కాలిపోయే కట్టెతో నడిస్తే ఆ పొగా తగ్గుతుంది, రైతుకూ కొంత వస్తుంది. ఎంత వస్తుందన్నది కట్టెను పీకి, ముక్కలు కొట్టి, మిల్లు దాకా చేర్చే ఖర్చు మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పటిదాకా దాన్ని కొంటున్నవారు ఎక్కువగా బాయిలర్లలో కాల్చే బ్రికెట్లు, అంటే అదిమి చేసే ఇంధన దిమ్మలు, తయారుచేసేవారే. బెరడు, లోపలి బెండు తీసి శుభ్రం చేసే ఖర్చు కూడా కలుపుకుని, బ్రికెట్ యూనిట్ కంటే మిల్లు ఎక్కువ ధర ఇవ్వగలిగితేనే రైతు అగ్గిపెట్టె పక్కన పెడతాడు.